సైకిల్ వాల్వ్ మారుస్తున్నారా? ముందు మీ పంపు చూసుకోండి.. లేదంటే నడిరోడ్డు మీద ఇబ్బందే!

కొత్తగా గేర్ సైకిల్ కొన్న చాలామందికి మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. టైర్‌లో గాలి తగ్గుతుంది. ఇంట్లో ఉన్న పాత పంపు తీస్తే వాల్వ్‌కు పట్టదు. పెట్రోల్ బంక్‌కు తీసుకెళ్తే అక్కడి పైపూ పట్టదు. పోనీ పంచర్ షాపుకు వెళ్తే, ఈ రకానికి తన దగ్గర హెడ్ లేదని చెప్పి పంపేస్తారు. సైకిల్‌కు ఏమీ కాలేదు, టైరూ బాగానే ఉంది. తేడా అంతా ఆ చిన్న వాల్వ్‌లోనే ఉంది.

పైగా ఇప్పుడు ఇంకో కొత్త రకం వాల్వ్ కూడా వచ్చింది. మరి పాతది తీసేసి కొత్తది పెట్టించుకోవాలా? పెట్టిస్తే పంపు కూడా మార్చాలా? డబ్బులు ఖర్చు పెట్టే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవే..

మీ సైకిల్‌కు ఉన్నది ఏ రకం?

గాలి టైరుకు చరిత్ర పాతదే. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా పనిచేసిన జాన్ బాయ్‌డ్ డన్‌లప్ 1888లో దానికి పేటెంట్ తీసుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే రకరకాల వాల్వ్‌లు వచ్చేశాయి. ఇప్పటికీ మనం వాడుతున్నవి ఎక్కువగా మూడు రకాలు.

మొదటిది డన్‌లప్ వాల్వ్. ఊళ్లలో కనిపించే పెద్ద సైకిళ్లకు ఉండేది ఇదే. లోపలి పిన్ను మీద సన్నని రబ్బరు గొట్టం తొడుగుతారు. దాన్నే వాల్ ట్యూబ్ అంటారు. ఎండకు ఆ రబ్బరు గట్టిపడినా, చిరిగినా గాలి మెల్లగా దిగిపోతుంది. చాలాసార్లు పంచర్ అనుకుని ట్యూబ్ అంతా విప్పేస్తారు గానీ అసలు లోపం ఈ రబ్బరు ముక్కలోనే ఉంటుంది.

రెండోది ష్రేడర్ వాల్వ్. బైకులకు, కార్లకు ఉండేది ఇదే. లోపల స్ప్రింగ్ ఉంటుంది. 1893లో అమెరికాలో దీనికి పేటెంట్ వచ్చింది. పెట్రోల్ బంక్ పైపు నేరుగా పట్టేస్తుంది.

మూడోది ప్రెస్టా వాల్వ్. ఇది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రోడ్ సైకిళ్లు, ఖరీదైన గేర్ సైకిళ్లలో కనిపిస్తుంది. లోపల స్ప్రింగ్ ఉండదు, టైర్‌లోని గాలి ఒత్తిడే దాన్ని మూసి ఉంచుతుంది. గాలి కొట్టే ముందు పైనున్న చిన్న నట్టును వదులు చేయాలి. తొందరలో పంపు హెడ్‌ను గట్టిగా లాగితే ఆ సన్నని పిన్ను వంగిపోతుంది.

కొత్తగా వచ్చిన 'క్లిక్' సిస్టమ్ ఏంటి?

జర్మనీకి చెందిన టైర్ల కంపెనీ ష్వాల్బే 2024లో 'క్లిక్ వాల్వ్' పేరుతో కొత్త రకాన్ని పరిచయం చేసింది. ఇందులో నట్టు తిప్పే పని లేదు, పంపు హెడ్‌కు లివర్ బిగించే పని లేదు. హెడ్‌ను వాల్వ్ మీద పెట్టి నొక్కితే క్లిక్‌మని పట్టేస్తుంది. లాగితే ఊడి వచ్చేస్తుంది.

ప్రెస్టా వాల్వ్ ఉన్నవాళ్లు ట్యూబ్ మొత్తం మార్చాల్సిన అవసరం లేకపోవచ్చు. వాల్వ్ లోపలి కోర్ ఊడి వచ్చే రకమైతే ఆ కోర్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. పాత ప్రెస్టా పంపుతోనూ గాలి కొట్టొచ్చని కంపెనీ చెబుతోంది. కానీ క్లిక్‌మని పట్టే సుఖం కావాలంటే మాత్రం పంపుకు కొత్త హెడ్ గానీ, అడాప్టర్ గానీ ఉండాల్సిందే. అంటే వాల్వ్, పంపు.. రెండూ జతగా ఆలోచించాల్సినవే.

మార్చే ముందు ఈ మూడూ చెక్ చేయండి

* కోర్ ఊడుతుందా? ప్రెస్టా వాల్వ్ పైభాగంలో స్పానర్ పట్టడానికి రెండు పక్కలా చదునుగా చెక్కి ఉంటే ఊడే రకం. గుండ్రంగా ఉంటే ట్యూబ్ మార్చడమే దారి.
* రిమ్ రంధ్రం ఎంత? ప్రెస్టాకు సుమారు 6.5 మి.మీ., ష్రేడర్‌కు సుమారు 8.5 మి.మీ. రంధ్రం కావాలి. సన్న రంధ్రంలో లావు వాల్వ్ దూరదు. డ్రిల్ చేసి పెద్దది చేయిస్తే సన్నని రిమ్ బలహీనపడుతుంది. పెద్ద రంధ్రంలో సన్న వాల్వ్ పెట్టాలంటే మధ్యలో వాషర్ వేయించాలి.
* స్పేర్ ట్యూబ్ ఏది? రెండు చక్రాలకు కొత్త వాల్వ్ పెట్టి, బ్యాగులో మాత్రం పాత రకం ట్యూబ్ ఉంచుకుంటే అసలు అవసరం వచ్చినప్పుడు పంపు పట్టకపోవచ్చు. మారిస్తే ముందు చక్రం, వెనక చక్రం, స్పేర్ ట్యూబ్.. మూడూ ఒకేసారి మార్చుకోవడం మేలు.

కోర్ మార్చడం ఇంట్లోనే..

ముందుగా గాలి పూర్తిగా తీసేయాలి. చిన్న స్పానర్‌తో లేదా కోర్ టూల్‌తో పాత కోర్‌ను ఎడమవైపు తిప్పితే ఊడుతుంది. కొత్తది పెట్టి కుడివైపు బిగించాలి. మరీ బలంగా బిగిస్తే మర పోతుంది. గాలి కొట్టాక సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ట్యూబ్‌లెస్ టైర్ అయితే వాల్వ్ పైవైపు ఉండేలా చక్రం తిప్పి పెట్టుకుంటే లోపలి సీలెంట్ కారిపోదు.

జేబులో అడాప్టర్ తప్పనిసరి

వాల్వ్ మార్చడం ఇష్టం లేని ప్రెస్టా వాళ్లకు ఇంకో సులువైన దారి ఉంది. ప్రెస్టా మీద బిగించే చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది. అది పెట్టగానే వాల్వ్ ష్రేడర్‌లా పనిచేస్తుంది. పెట్టే ముందు వాల్వ్ నట్టు వదులు చేయడం మర్చిపోవద్దు. లేదంటే గాలి లోపలికే వెళ్లదు. లోపలి రబ్బరు రింగు పడిపోయినా గాలి పక్కల నుంచి పోతుంది.

బంక్ గాలితో జాగ్రత్త!

అడాప్టర్ ఉంది కదా అని బంక్‌లో ఎడాపెడా గాలి పట్టిస్తే ప్రమాదం. కారు టైర్‌తో పోలిస్తే సైకిల్ ట్యూబ్ చాలా చిన్నది. కొన్ని సెకన్లలోనే నిండిపోతుంది, ఏమాత్రం ఆలస్యమైనా పేలుతుంది. పిల్లల సైకిళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. టైర్ పక్కగోడ మీద ఎంత పీఎస్‌ఐ పట్టించాలో రాసి ఉంటుంది. దాన్ని చూసి, కొద్దికొద్దిగా ఆపుతూ పట్టించాలి. వీలైతే చేతి పంపే క్షేమం.

ఇంతకీ మార్చాలా.. వద్దా?

రోజూ పనికి వెళ్లే పెద్ద సైకిల్ అయితే పాత డన్‌లప్ వాల్వ్‌కు వచ్చిన నష్టమేమీ లేదు. వాల్ ట్యూబ్ తక్కువ ఖర్చులో మారిపోతుంది, పంచర్ షాపులో ఎవరైనా చేసిపెడతారు. గేర్ సైకిల్‌కు ష్రేడర్ ఉంటే దారిలో ఎక్కడైనా గాలి దొరుకుతుంది. ప్రెస్టాతో వారానికి రెండుమూడు సార్లు గాలి కొట్టుకునేవాళ్లకు, వంగిన పిన్నులతో విసిగిపోయినవాళ్లకు క్లిక్ లాంటి కొత్త రకం పనికొస్తుంది. ఏది పెట్టించుకున్నా సరే.. దూరం బయల్దేరే ముందు బ్యాగులో ఉన్న పంపును ఒక్కసారి వాల్వ్‌కు పెట్టి చూసుకోండి. ఇంటి దగ్గర పట్టకపోతే పక్క షాపు ఉంటుంది. ఊరు దాటాక పట్టకపోతే సైకిల్ నడిపించుకుంటూ రావాల్సిందే.