ఒక కంటి ఆసుపత్రి నేర్పే పాఠం

క్వాలిటీ, ప్రాసెస్ అన్న మాటలు వినగానే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఐఎస్‌ఓ సర్టిఫికెట్లు, ఆడిట్‌కి ముందురోజు రాత్రి నింపే ఫారాలు గుర్తొస్తాయి. అసలు ప్రాసెస్ ఎందుకో తెలియాలంటే మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి సంగతి తెలుసుకోవాలి.

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారు 58 ఏళ్ళకి ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరై, 1976లో 11 పడకలతో దీన్ని మొదలుపెట్టారు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినా ఆయన తన చేతులతోనే ఆపరేషన్లు చేసేవారు. కంట్లో శుక్లాలతో చూపు పోయినవాళ్ళు లక్షల్లో ఉంటే, సర్జన్లేమో కొద్దిమందే. మరి దారేమిటి?

పని పంచుకోవడమే. చూపు పరీక్షించడం, చుక్కల మందు వెయ్యడం, పేషెంటుని సిద్ధం చెయ్యడం వంటివన్నీ పల్లెల నుంచి వచ్చి అక్కడే శిక్షణ పొందిన అమ్మాయిలు చూసుకుంటారు. థియేటర్లో ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుండగానే పక్క బల్ల మీద తరవాతి పేషెంటు సిద్ధంగా ఉంటారు. సర్జను అటు తిరిగితే చాలు. ఎక్కడ ఇబ్బంది వచ్చినా రాసిపెట్టుకుని కారణం వెతుకుతారు. దిగుమతి లెన్సులు ఖరీదని, 1992లో ఆరోలాబ్ పెట్టి సొంతంగా తయారుచేసుకున్నారు. డబ్బివ్వగలిగినవాళ్ళ ఫీజుతో పేదలకి ఉచితంగా వైద్యం చేస్తారు.

అయితే ఉచితమన్నా మొదట్లో చాలామంది రాలేదు. కారణాలు వెతికితే బస్సు ఛార్జీ, తిండి ఖర్చు, తోడు వచ్చే మనిషికి పోయే కూలి అని తేలింది. అందుకని ఊళ్ళోనే క్యాంపు పెట్టి, బస్సులో తీసుకెళ్ళి, భోజనం పెట్టి, మళ్ళీ ఊళ్ళో దింపే ఏర్పాటు చేశారు.

మన వారాంతపు బడికీ ఇదే పనికొస్తుంది. గంటన్నర క్లాసులో హాజరు, జిరాక్సులు, హోంవర్కులు తీసుకోవడం అన్నీ టీచరే చూసుకుంటే అక్షరాలు దిద్దించేదెప్పుడు? ఆ పనులు వారానికొక పేరెంటు తీసుకోవచ్చు. రెండు వారాలు వరసగా రాని పిల్లల ఇంటికి ఫోన్ చేసి, కారణం రాసుకుందాం. సాకర్ ప్రాక్టీసా? దూరమా? పాఠమే కష్టంగా ఉందా? పిల్లలూ, ఏ పాఠం దగ్గర విసుగొస్తోందో మీరే చెప్పాలి సుమా!

ఏడాది చివర ఆ కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, వచ్చే ఏడు ఏం మార్చాలో తెలుస్తుంది. బడి మధ్యలో మానేసిన పిల్ల రేపు అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడాలన్నా పక్కన అమ్మ ఉండాల్సి వస్తుంది. ఆ అవసరం రాకుండా చూడగలిగితే, మన బడికి అంతకంటే మంచి క్వాలిటీ సర్టిఫికెట్ ఏముంటుంది?