పడుగు, పేక, ఒక కంప్యూటర్ ఆట

వీడియో ఆటలంటే కాలక్షేపమని పెద్దవాళ్ళం తోసిపుచ్చుతాం గానీ, వాటిలో ఒక రకం మన వంటింటికీ మగ్గాల గుంటకూ దగ్గరి చుట్టం. ఆటగాడికి ఒక సంచి ఉంటుంది. దారిలో దొరికినవి అందులో వేసుకుంటాడు, రెండు మూడు కలిపి కొత్త వస్తువు చేసుకుంటాడు. 2011లో పూర్తి రూపంలో విడుదలైన 'మైన్‌క్రాఫ్ట్' దీన్ని ఇంటింటికీ తెచ్చింది. అందులో సంచికి 36 గళ్ళు. మామూలు సరుకైతే గడికి 64 దాకా పడతాయి.

తిరువళ్ళూరులో తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పోయిన వేసవి సెలవుల్లో అలాంటి ఆట సొంతంగా రాయడానికి కూర్చుంది. సరుకు మాత్రం తిరుత్తణి దగ్గర ఉండే మా నాయనది. నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి.

దారమూ దారమూ కలిస్తే బట్ట అని అమ్మాయి రాసింది. తాత ఒప్పుకోలేదు.

"ఏమ్మే, నిలువుగా పోయేది పడుగు, అడ్డంగా పోయేది పేక. రెండూ ఒకటెట్లా అవుతాయి?"

అందుకని మూడు గళ్ళ నిలువు వరుసలో పడుగు, పక్క గడిలో పేక పెడితేనే బట్ట వచ్చేట్టు మార్చింది. పడుగుకు గంజి పెట్టడానికి ఈ పట్టింపు లేదు. రెండూ ఎక్కడున్నా చాలు. ఇట్లాంటి ఆటల్లో తయారీ పద్ధతులు సాధారణంగా ఈ రెండు రకాలేనట. తరువాత, బట్ట రాగానే నూలుతో పాటు మగ్గమూ మాయమైంది! నాయన నవ్వి, "ఇంక నేసేవాడు ఏం తినాల?" అన్నారు. అప్పటి నుంచి ప్రతి వస్తువు పక్కనా ఖర్చయ్యేదా, మిగిలేదా అని గుర్తు పెట్టింది.

అసలు చిక్కు సంచి నిండినప్పుడు వచ్చింది. ప్రోగ్రాము ముందు నూలు తీసేసి, ఆ తరువాత బట్టకు చోటు వెతికేది. చోటు లేకపోతే నూలూ పోయె, బట్టా రాకపోయె. రెండు రోజులు తలపట్టుకుంది. చివరికి సంచికి ఒక నకలు చేసి, మొదట అందులో నూలు తీసి బట్ట పెట్టి చూస్తుంది. కుదిరితేనే అసలు సంచిని ముట్టుకుంటుంది. మా చిల్లర కొట్టు లెక్కకన్నా ఇదే పద్ధతిగా ఉంది.

ఇక పేర్లు. ప్రోగ్రాముకు వస్తువు పేరుతో పనిలేదు, దాని సంకేతమే తెలుసు. పేర్లు వేరే పట్టికలో ఉంటాయి: ఒక వరుస తమిళం, ఒక వరుస ఇంగ్లీషు. "తెలుగేదీ?" అన్నారు నాయన. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసినప్పుడు ఆయన బడిపిల్లవాడు. మా అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. బడిలో తెలుగు లేదు.

మూడో వరుస చేర్చింది. పాత కంప్యూటర్‌లోని 'గోడో' పాతది కావడంతో 'మగ్గం'లో ఒత్తు కిందికి దిగక పక్కన నిలబడింది. 2023 మార్చిలో వచ్చిన 4.0 వేశాకే అక్షరాలు కుదుటపడ్డాయి. నాయన నోటుబుక్కులో రాసిచ్చిన మాటలను అమ్మాయి అక్షరం అక్షరం పోల్చుకుని ఎక్కిస్తోంది. 31 వస్తువుల్లో 27కి తెలుగు పేర్లు వచ్చాయి. మిగిలిన నాలుగూ నాయనకు తమిళంలోనే గుర్తున్నాయి.