మదకాలపు కణుజు - వేటగాని అదను

కాకినాడ నుండి రంపచోడవరము మీదుగా మారేడుమిల్లి వైపు పోయినచో, వరిచేలు వెనుకబడి దట్టమైన కొండయడవి ఎదురగును. ఆ అడవులలోను, గోదావరికి ఇరుప్రక్కల నున్న పాపికొండలలోను కణుజు నివసించును. సాంబరు దుప్పి యనునది దీనినే. మన దేశపు దుప్పులలో ఇదియే మిక్కిలి పెద్దది. బాగుగ ఎదిగిన మగది 200 కిలోగ్రాములకు మించి తూగును. పగలు పొదలలో దాగి, చీకటి పడిన పిమ్మట మేతకు వచ్చు ఈ జంతువు మిక్కిలి జాగరూకత గలది. అట్టిది మదకాలమున తన జాగ్రత్తను తానే మరచును. వేటగాడు కాచుకొని యుండునది ఆ అదను కొరకే. ఈ మరపునకు కారణమేమి?

దుప్పికొమ్ము ఎద్దుకొమ్ము వంటిది కాదు. అది ఎముకతో ఏర్పడి, రాలిపోయి, మరల మొలచును. మొలచునప్పుడు నూగుగల మెత్తని చర్మము దానిని కప్పి రక్తము నందించును. పెరుగుదల ముగియగానే ఆ చర్మము ఎండి, చెట్లకు రాచుకొనగా ఊడిపోవును. ఈ మార్పులను నడుపునది వృషణముల నుండి రక్తములోనికి చేరు టెస్టోస్టిరోను అను హార్మోను. అది హెచ్చినప్పుడు మగదాని మెడ లావెక్కును, మేత తగ్గును. కంటిక్రింది గ్రంథుల స్రావమును కొమ్మలకు పూయుచు, బురదలో పొర్లుచు, తన వాసనను చాటుచు తిరుగును. ధ్యాసయంతయు ఆడదానిమీదను, ప్రత్యర్థిమీదను నిలిచియుండును. అప్పుడది మనుష్యుని అలికిడిని అంతగా సరకుగొనదు.

ఈ హార్మోనునకు వేళ తెలుపు వానిలో ముఖ్యమైనది పగటి నిడివి. రాత్రివేళ మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను పదార్థమును స్రవించును. రాత్రులు పెరుగుచున్నవని శరీరము దీనివలననే గ్రహించును. కాకినాడలో మిక్కిలి పొడవైన పగటికిని, మిక్కిలి పొట్టి పగటికిని భేదము సుమారు 2 గంటలే. ఉత్తర అమెరికా పడమటితీరమున, అలాస్కాలోని సిట్కా పట్టణములో అది 11 గంటలకు పైబడును. ఆ తీరపు వానయడవులలోని నల్లతోక దుప్పికి మదకాలము నవంబరు ప్రాంతపు కొద్ది వారములకే పరిమితము. మన కణుజుకు అది చలికాలమున ముమ్మరమైనను, చాల నెలలకు వ్యాపించియుండును. అచటి వేటగాండ్రు రెండు కొమ్ములను టకటక తాకించి పోరు ధ్వనిని కల్పింతురు. ఆడదాని అరపును అనుకరింతురు. మగది తనంతట తానే దరికి వచ్చును.

ఒక మగది పెక్కు ఆడుదుప్పులతో జతకూడును గనుక, కొన్ని మగవి పోయినను పిల్లల సంఖ్య వెంటనే తగ్గదు. అమెరికాలో పరిమితితో వేటకు అనుమతి నిచ్చుటకు ఇదియొక ఆధారము. కాని పెద్ద మగవి మితిమీరి పోయినచో, జతకూడుట ఆలస్యము కావచ్చును. ఆలస్యముగా పుట్టిన పిల్లకు పచ్చికకాలము చాలదు.

మన అడవిలో మరియొక లెక్క కలదు. కణుజు పులికిని, రేచుకుక్కలకును ముఖ్యాహారము. అది తరిగినచో అవియు తరుగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని 1991 నాటి సవరణ ఇట్టి వేటను నిషేధించినవి. పాపికొండలు 2008లో జాతీయవన మైనవి.

కణుజు సుమారు 8 నెలలు గర్భము మోయును. చలికాలపు కలయిక ఫలించినచో, వానలకు పచ్చిక పెరుగు వేళకు పిల్ల నేలపై నిలుచును. కావున చలికాలమున ఆ అడవిలో బెరడు ఊడిన చెట్టును, క్రొత్తగా పొర్లిన బురదగుంటను చూచినవారు, అవి దేని గుర్తులో ఎరిగి, సవ్వడి లేక తొలగిపోవుట మేలు.