రెండు తీరాల బాల్యం

విశాఖపట్టణంలో ఓడ ఎక్కితే అండమాన్ చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఆ దారిన తరలిపోయిన కుటుంబాలలో ఇప్పుడు మనుమల తరం బడికి పోతున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ప్రభుత్వ పాఠశాలలలో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళాలతోపాటు తెలుగు కూడా బోధనభాషగా స్థానం పొందింది. అయితే ఈ పిల్లలకు వీధిలో హిందీ, పుస్తకంలో శిష్టభాష, ఇంట్లో ఉత్తరాంధ్ర యాస. "మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే తాతగారి ఊరు చెప్పాలా, తాము పుట్టిన దీవి పేరు చెప్పాలా?

దీనిమీద వ్యాసం వ్రాయమంటే పెద్దలే తడబడతారు. ఉపోద్ఘాతం, విషయవిస్తరణ, ముగింపు అనే మూసలో అది ఇమడదు. కవితారూపంలోని ఆత్మకథ అక్కరకు వచ్చేది ఇక్కడే.

మార్గరీటా ఎంగిల్ 1951లో అమెరికాలో జన్మించారు. తల్లిది క్యూబా. చిన్ననాడు అక్కడి బంధువుల ఇంటికి వెళ్ళివచ్చేవారు. 1962 నాటి క్షిపణి సంక్షోభంతో ఆ దారి మూసుకుపోయింది. ఆ బాల్యాన్నే ఆమె 2015లో 'ఎన్‌చాంటెడ్ ఎయిర్' (మంత్రించిన గాలి అనవచ్చునేమో) అనే గ్రంథంలో చిన్న చిన్న కవితలుగా చెప్పారు. ఒక్కొక్క కవిత ఒక్కొక్క జ్ఞాపకం. నడుమ ఖాళీలను పూరించనక్కరలేదు. తన కథ తనకే సగం తెలిసిన పిల్లవాడికి ఇంతకన్న వెసులుబాటు ఏముంటుంది?

క్యూబా దాకా పోవడం దేనికనేవారికి మన జాషువా ఉన్నారు. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి, క్రైస్తవ కుటుంబంలో పెరిగి పురాణకావ్యాలను ప్రేమించినందుకు ఒకవైపు, అంటరానివాడన్న పేరిట మరొకవైపు తిరస్కారాన్ని చవిచూశారు. 'నా కథ'ను పద్యాలలోనే వ్రాశారు. ఛందస్సు పిల్లలకు కొరుకుడుపడకపోవచ్చు; భావం చెప్పి, ఉపాధ్యాయుడు గొంతెత్తి చదివితే చాలును.

ఆ తరువాత పిల్లలచేత పదేసి పంక్తులు వ్రాయించాలి. ఇంట్లో మాత్రమే వినిపించే ఒక మాటతో మొదలుపెట్టమనాలి: అమ్మమ్మ ఒక చేపను పిలిచే పేరు కావచ్చు, పండుగనాడు ఫోనులో వచ్చే పలకరింపు కావచ్చు. మధ్యలో హిందీ మాట దొర్లితే దొర్లనివ్వాలి. యాసను మాత్రం ఎర్రసిరాతో దిద్దరాదు. ఆ దిద్దుబాటు అమ్మమ్మ నోటికే తగులుతుంది.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఆ దీవులలో ఎన్నో ఇళ్ళలో నేటికీ పెదవి దాటని కథ. వ్రాసినదాన్ని తరగతిలో చదివి తీరాలని ఎవరినీ నిర్బంధించరాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని ఇంటికి తీసుకుపోతానన్న పిల్లవాడిని పోనివ్వాలి.