రకారం తెచ్చిన తంటా

ఇంగ్లీషులో ‘కార్డు’ అన్నమాట మధ్యన ఒక రకారం ఉంది కదా, దాన్ని పలకాలా, మింగెయ్యాలా? ఈ చిన్న ప్రశ్న మీద నలభై ఏళ్లనాడు జనగామలో ఒక కుర్రవాణ్ణి బెంచీ ఎక్కించిన ఘనుణ్ణి నేను.

అప్పుడు ఇంగ్లీషు మాష్టర్ని. హైదరాబాదులో కొన్నివారాలు ఉచ్చారణ శిక్షణ పొంది కొత్తగా వచ్చానేమో, కాలు నేలమీద నిలవడం లేదు. అచ్చుకు ముందున్న రకారాన్ని పలకాలి, హల్లుకు ముందున్నదాన్ని వదిలెయ్యాలి. మాట చివరనున్నదాన్ని, తర్వాతి మాట అచ్చుతో మొదలైతేనే పలకాలి. ‘కాడ్’, ‘టీచ’. ఇదీ మాకు నేర్పిన సూత్రం.

భూపాలపల్లి దగ్గరి పల్లెనుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న కుర్రవాడొకడు లేచి పాఠం చదివాడు. ‘ఫార్మర్’ అన్నాడు. రెండు రకారాలూ బండిచక్రాల్లా దొర్లించాడు.

“‘ఫామ’ అనరా!”

“పుస్తకంల ఉన్నది గద సార్!”

క్లాసంతా ఘొల్లుమంది. నాకు ఒళ్లు మండి, గంట కొట్టేదాకా నిలబెట్టాను. ఆ తర్వాత వాడు ఇంగ్లీషు పైకి చదవగా నేను వినలేదు.

వాడన్నది నిజమే మరి. ఒకప్పుడు ఇంగ్లండులోనూ ఆ రకారాన్ని సామాన్యంగా పలికేవారే. 18వ శతాబ్దంలో లండను వైపు అది సన్నగిల్లింది. 19వ శతాబ్దంలో పెద్దింటివాళ్ల నోట మాయమైంది. డానియల్ జోన్సు 1917లో ఉచ్చారణ నిఘంటువు వేసినప్పుడు, దక్షిణ ఇంగ్లండులో పెద్ద పెద్ద హాస్టలు బడుల్లో చదివినవారి ఇళ్లలో వినిపించే మాటతీరునే నమూనాగా తీసుకున్నాడు. అదే సముద్రాలు దాటి మా శిక్షణ తరగతిదాకా వచ్చింది. స్కాట్లండువారూ, ఐర్లండువారూ, ఇంగ్లండులోనే నైరుతి మూల పల్లెలవారూ రకారాన్ని విడవలేదు.

ఇక అమెరికా ముచ్చట వినండి. అక్కడ చాలామంది పలుకుతారుగాని, న్యూయార్కువాళ్లు ఒకప్పుడు మింగేసేవారు. 1962లో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు ఆ ఊళ్లో మూడు పెద్ద దుకాణాలకు వెళ్లాడు. ఒకటి ఖరీదైనది, ఒకటి మధ్యరకం, ఒకటి చౌకది. ఫలానా సరుకు ఎక్కడుందని అడిగేవాడు. జవాబు ‘ఫోర్త్ ఫ్లోర్’ అని రావాలి. అందులో రకారాలు రెండు! వినబడనట్టు నటించి మళ్లీ అడిగేవాడట, గడుసువాడు. తేలిందేమంటే, ఖరీదైన దుకాణంలో రకారం ఎక్కువ, చౌక దుకాణంలో తక్కువ. లండనులో పలికితే మోటు, న్యూయార్కులో పలక్కపోతే మోటు! అక్షరం చేసిన పాపమేమిటి చెప్పండి.

మనమూ తక్కువ తినలేదు. తెలుగు నోట బండిర ఏనాడో మామూలు రకారంలో కలిసిపోయినా, పద్యం రాసేవాళ్లు ఆ రెంటినీ ప్రాసలో కలపరాదని పట్టుబట్టేవారు.

ఇవన్నీ నేను తీరిగ్గా చదువుకున్నది పింఛను పుచ్చుకునే రోజుల్లో. కిందటేడు మహబూబాబాదులో (మా వయసువాళ్లకు అది ఇంకా మానుకోటే) ఒక పెళ్లికి వెళితే, నెరిసిన జుట్టు మనిషొకడు వచ్చి కాళ్లకు దండం పెట్టాడు.

“నన్ను గుర్తుపట్టిండ్రా సార్? ఫార్మర్!”

పట్టకేం! భూపాలపల్లిలో సింగరేణి గనిలో పనిచేస్తున్నాడట. వెంట కూతురుంది. పైచదువుకు గ్లాస్గో వెళ్లబోతోంది. పిల్ల ముఖంలో సంతోషం లేదు. కోచింగులో రకారం మింగమంటున్నారట, నోరు తిరగడం లేదట.

“అమ్మా, గ్లాస్గో ఉన్నది స్కాట్లండులో. అక్కడివాళ్లే రకారం పలుకుతారు. కొందరి నాలుక అచ్చం మనలాగే ఆడుతుంది. నీ రకారం నీ దగ్గరే ఉంచుకో,” అన్నాను. ఆ పిల్ల తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

“మరి ఆనాడు నన్నెందుకు నిలబెట్టిండ్రు సార్?” అన్నాడు తండ్రి. నవ్వుతూనే అడిగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

“తప్పు నాదేనయ్యా,” అన్నాను.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. భోజనాలయ్యాక అతను జేబులోంచి కూతురికి వచ్చిన యూనివర్సిటీ ఉత్తరం తీసి, “జెర చదువుండ్రి సార్,” అని నాకందించాడు.

“నువ్వే చదువు, వింటాను,” అన్నాను.

కూతురివైపు ఒకసారి చూసి, కళ్లద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఒక్క రకారం కూడా వదల్లేదు.