కారు అద్దం పక్కన రబ్బరు పట్టీ

అంబాసిడర్ కారు మీకు తెలుసు కదా? బొద్దుగా, బరువుగా ఉంటుంది. కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ కంపెనీ దీన్ని తయారు చేసేది. 1950ల చివర మొదలుపెట్టి 2014లో ఆపేసింది. ఒకప్పుడు తిరుపతిలో రైలు దిగిన యాత్రికులు ఎంతోమంది ఈ కార్లలోనే తిరిగేవారు. తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం, ఏ ఊరికైనా ఇదే బండి. తిరుమల కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. రెండోది 1974లో వచ్చింది. ఆ మలుపుల్లో వానకూ మంచుకూ ఈ బండ్లు అలవాటు పడ్డాయి.

ఇప్పుడు కొత్త అంబాసిడర్ రాదు. ఉన్నదాన్నే కాపాడుకోవాలి. పాత బండికి ఇంజను కంటే ముందు రేకు చెడుతుంది. రేకు చెడడానికి ఒక కారణం చాలా చిన్నది. అది అద్దం పక్కన ఉండే రబ్బరు పట్టీ.

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి చాలామందికి గుర్తే. అలాంటి వానల తర్వాత మెకానిక్ షెడ్లలో ఈ మాటలు వినబడతాయి.

"మేస్త్రీ, కాళ్ల కాడ మ్యాట్ అంతా తడిసిపోయుండాది. అద్దం మూసే ఉంచినా. నీళ్లు యాడ్నించి వస్తాండాయో తెలీలేదు."

"ముందు తలుపు కింద చూడన్నా. రంధ్రాలు ఉండాయా, మూసుకోనుండాయా?"

"అవా? నీళ్లు వస్తాయని నేనే ఎం-సీల్ పెట్టి మూసేసినా."

"అదే కొంప ముంచింది!"

మేస్త్రీ ఎందుకు అలా అన్నాడు?

కారు తలుపు ఒకే రేకు కాదు. బయట ఒక రేకు, లోపల ఒక రేకు ఉంటాయి. మధ్యలో ఖాళీ ఉంటుంది. అద్దం దించితే ఆ ఖాళీలోకే పోతుంది. అద్దం దిగే సందు దగ్గర బయటివైపు ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. షాపుల్లో దీన్ని బీడింగు అంటారు. ఇది అద్దాన్ని ఒరుసుకుంటూ ఉంటుంది. అద్దం మీద జారే వాన నీటిని తుడిచి బయటికి పంపుతుంది. అద్దం నిలువుగా జారే గాడిలో ఉన్ని గుడ్డలాంటి మెత్తటి పట్టీ ఉంటుంది. దాన్ని ఫెల్టు చానెల్ అంటారు. అద్దం గడగడ కొట్టుకోకుండా అది పట్టుకుంటుంది.

పట్టీ ఎంత కొత్తదైనా కొంచెం నీరు తలుపులోకి దిగుతూనే ఉంటుంది. అందుకే తలుపు అడుగున రంధ్రాలు పెడతారు. వచ్చిన నీరు అక్కడి నుంచి కారిపోతుంది. పట్టీ పాతబడితే నీరు ఎక్కువగా దిగుతుంది. రంధ్రాలు మూసుకుపోతే ఆ నీరు తలుపులోనే నిలుస్తుంది. లోపలి నుంచి తుప్పు పడుతుంది. బయట రంగు బాగానే కనబడుతుంది. రంగు బుడగలు లేచేసరికి రేకు అప్పడంలా అయి ఉంటుంది. అప్పుడు రేకు కోసి అతుకు వేయాలి. వెల్డింగు, లప్పం, రంగు, అన్నీ ఖర్చే. ఆ ఖర్చు ముందు పట్టీ ఖర్చు ఎంత?

మన ఎండలకు రబ్బరు ఎక్కువ కాలం ఆగదు. ఎండకు, గాలికి గట్టిపడుతుంది. తర్వాత పగుళ్లు వస్తాయి. పట్టీని గోటితో నొక్కి చూడండి. మెత్తగా దిగి మళ్లీ పైకి లేస్తే మంచిదే. కర్రలా ఉన్నా, పెచ్చులు రాలినా మార్చాలి.

షాపుకు పోయేముందు కొలత తీసుకోండి. చాలామంది పాత పట్టీని కొలుస్తారు. అది పొరపాటు. ఎండిన రబ్బరు కురచ అవుతుంది. టేపుతో తలుపునే కొలవండి. "ముందు తలుపు, ఎడమ" అని కాగితం మీద రాసి, పక్కన సెంటీమీటర్లు వేయండి. నాలుగు తలుపులకూ ఇలాగే రాసుకోండి. ముందు తలుపూ వెనక తలుపూ ఒకటి కావు. నోటి లెక్క షాపుకు చేరేసరికి తారుమారు అవుతుంది. పాత పట్టీ ముక్క కూడా చేత పట్టుకుపోండి. దాని అంచు ఏ ఆకారంలో ఉందో షాపువాళ్లు చూసి ఇస్తారు. ఈపీడీఎం రబ్బరు దొరికితే అదే తీసుకోండి. అది ఎండకు బాగా తట్టుకుంటుంది.

ఎలా మార్చాలి?

వాన లేని రోజు చూసుకోండి. అద్దం పూర్తిగా దించండి. అద్దం తిప్పే హ్యాండిలు తీయండి. కొన్నిటికి పిన్ను, కొన్నిటికి స్క్రూ ఉంటుంది. తర్వాత లోపలి ప్యాడ్‌ను మెల్లగా ఊడదీయండి. పాత పట్టీని గుంజకండి, క్లిప్పులు విరుగుతాయి. స్క్రూడ్రైవరు కొనకు గుడ్డ చుట్టి ఒక్కొక్క క్లిప్పూ లేపండి. తీసినవి డబ్బాలో వేయండి. పాత బండి క్లిప్పులు అన్ని షాపుల్లో దొరకవు.

ఇప్పుడు అసలు పని. తలుపు అడుగున రంధ్రాల్లో సన్నటి తీగ పెట్టి కెలకండి. మట్టి, ఆకులు, పాత గాజు పెంకులు కూడా రాలతాయి. చేతులు జాగ్రత్త! తుప్పు ఉన్నచోట ఉప్పుకాగితంతో రుద్దండి. దుమ్ము తుడిచి రెడ్ ఆక్సైడ్ పూయండి. అది రంధ్రాల్లో పేరుకోకుండా చూడండి. పూత బాగా ఆరాలి. తొందరపడి తడి మీదే పట్టీ బిగిస్తే చేసిన పనంతా దండగ.

ముందు ఫెల్టు చానెల్ పెట్టండి. మూల దగ్గర చేత్తో మెల్లగా వంచండి. లోపల స్క్రూ తల పైకి లేచి ఉండకూడదు. అది అద్దాన్ని గీకుతుంది. తర్వాత రబ్బరు పట్టీ. దీన్ని సాగదీసి పెట్టకండి. సాగిన రబ్బరు నాలుగు రోజులకు వెనక్కి ముడుచుకుంటుంది. మూలన సందు పడుతుంది. వేళ్లతో తోస్తూ పోండి. బిగుతుగా ఉంటే సబ్బు నీళ్లు రాయండి. ఇంజను నూనె, గ్రీజు వద్దు. వాటికి రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ప్యాడ్ వెనక ప్లాస్టిక్ కాగితం ఉంటే చింపకండి. చినిగిపోయి ఉంటే మందపాటి ప్లాస్టిక్ షీటు కోసి అతికించండి. తలుపులో దిగిన నీరు సీటు వైపు రాకుండా అదే అడ్డుకుంటుంది.

ప్యాడ్ బిగించేముందు అద్దం ఎత్తి, చెంబుతో నీళ్లు పోయండి. పైపుతో జోరుగా కొట్టవద్దు. ఒకరు పోయాలి, ఒకరు లోపల కూర్చుని చూడాలి. తలుపు అడుగు నుంచి నీరు బొట్లు బొట్లుగా కారితే భయపడకండి. అది కారాలి. ఏమీ కారకుండా లోపల చప్పుడు అవుతుంటే రంధ్రం ఇంకా మూసుకుని ఉందన్నమాట. మళ్లీ తీగ పెట్టండి.

కొత్త పట్టీతో అద్దం మొదట్లో బిగుతుగా తిరుగుతుంది. బలవంతంగా తిప్పితే లోపలి పళ్లచక్రం అరుగుతుంది. గాడిలో కొంచెం టాల్కం పౌడరు చల్లి, నాలుగైదుసార్లు మెల్లగా ఎత్తి దించండి. కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది.