పాత కారు, పది నంబర్ పానా

మా ఇంట్లో ఉన్నది 2008 మోడల్ మారుతీ 800. మొన్న సంక్రాంతి సెలవులకు వెళ్లేసరికి నాన్న దాన్ని తూకానికి అమ్మేద్దామనే నిర్ణయానికి వచ్చేశారు. తాళం తిప్పితే ‘టిక్’మని ఒక్క చప్పుడు, అంతే. బ్యాటరీ కొత్తది వేయించి నెల కూడా కాలేదు. చూసిన మెకానిక్ ‘స్టార్టర్ మోటార్ పోయింది, మార్చాల్సిందే’ అన్నాడట. కానీ మా ఊరికి రాత్రి ఎనిమిది దాటితే బస్సు లేదు. అర్ధరాత్రి నానమ్మకు ఆయాసం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్లేది ఈ డొక్కు బండే.

ల్యాబు కోసం కొన్న మల్టీమీటర్ నా బ్యాగులోనే ఉంది. ‘ఒక్క రోజు ఆగండి నాన్నా’ అన్నాను. ఆ ఒక్క రోజులో నాకు అర్థమైంది ఇదీ: సొంత రిపేరులో మొదటి పని విప్పడం కాదు, కొలవడం.

ఆ ‘టిక్’ వెనక కథ

పూర్తిగా చార్జ్ అయిన కారు బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. స్టార్ట్ చేసేటప్పుడు కొంత పడిపోవడం మామూలే, కానీ 9.6 కంటే కిందికి పోకూడదు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అలా ఉందంటే ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తున్నట్టే.

మా బండిలో నాన్న తాళం తిప్పుతుంటే బ్యాటరీ దగ్గర కొలిచాను. 12 దగ్గరే నిలబడింది. అంటే బ్యాటరీ బాగానే ఉంది, కరెంటే దారిలో ఎక్కడో ఆగుతోంది. మీటర్ ఒక కొస బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద పెట్టి మళ్లీ తిప్పమన్నాను. అక్కడ అర వోల్టు కంటే ఎక్కువ కనపడకూడదు. నాకు 4 కనపడింది!

లెక్క సెకండియర్‌ది కూడా కాదు, టెన్త్‌లో చదివిన ఓమ్ సూత్రమే. స్టార్టర్ 100 ఆంపియర్లు లాగుతుందనుకోండి. ఎర్త్ వైరు కొసన పట్టిన తుప్పు 0.04 ఓమ్ ఉన్నా చాలు, 4 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. ఇంత చిన్న నిరోధాన్ని మామూలు మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి కొలిస్తే పట్టుకోలేదు. కరెంటు పారుతున్నప్పుడు వోల్టేజి కొలిస్తేనే దొరుకుతుంది. వైరు చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది కాబట్టే అందరూ మోటార్‌ని అనుమానిస్తారు.

మరమ్మతుకు పట్టింది అరగంట. పది నంబర్ పానా, ఎమరీ పేపర్, కొంచెం వ్యాజలిన్. ముందు నెగెటివ్ టెర్మినల్ తీయాలి, బిగించేటప్పుడు అది ఆఖరున. కారు బాడీ అంతా నెగెటివే కదా. పాజిటివ్ విప్పుతూ పానా బాడీకి తగిలిందా, నిప్పురవ్వలే. ఎర్త్ వైరు రెండు కొసలూ, అవి కూర్చునే చోటూ మెరిసేదాకా రుద్ది గట్టిగా బిగించి, పైన వ్యాజలిన్ రాశాను. తాళం తిప్పగానే స్టార్ట్ అయింది. మెకానిక్‌ని తప్పు పట్టలేం. ఆయన ముందు ఇంకో పది బళ్లున్నాయి, మనకు ఒక్కటే.

చేతికి అందేవి, అందనివి

మారుతీ 800 నేర్చుకోవడానికి మంచి గురువు. 796 సీసీ, మూడే సిలిండర్లు, బానెట్ ఎత్తితే చెయ్యి పట్టేంత ఖాళీ. 2014 జనవరిలో తయారీ ఆగిపోయినా విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో స్పేర్లు ఇంకా దొరుకుతున్నాయి.

ఎయిర్ ఫిల్టర్, ఇంజిన్ ఆయిల్, ఫ్యూజులు, బల్బులు, వైపర్లు మనం మార్చుకోవచ్చు. స్పార్క్ ప్లగ్గులు కూడా. తీసిన ప్లగ్గును పారేయకుండా చూడండి. కొన లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం, పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువో గాలి తక్కువో, ఆయిల్ జిడ్డు ఉంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. కొత్తది చల్లటి ఇంజిన్‌లో ముందు వేళ్లతోనే తిప్పాలి. హెడ్ అల్యూమినియం, వంకరగా బిగిస్తే మరలు పోతాయి.

వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత జోలికి వెళ్లొద్దు. లోపల ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణంలో మరిగి మీ ముఖం మీదికి చిమ్ముతాయి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు. స్టాండ్లు పెట్టాలి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి.

బ్రేకులు, టైమింగ్ బెల్టు, పెట్రోలు పైపులు మాత్రం తెలిసినవాళ్లకే వదిలేశాను. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. ఘాట్ రోడ్డులో అది మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. అది నేర్చుకుంటూ చేసే పని కాదు, పక్కన గురువు ఉండాలి.

అప్‌గ్రేడ్ అంటే

తర్వాతి కోరిక హెడ్‌లైట్లు. 100 వాట్ల బల్బులు వేసేద్దామనుకున్నాను. ముందు ఉన్న 60/55 వాట్ల బల్బు దగ్గర వోల్టేజి కొలిస్తే బ్యాటరీ కంటే దాదాపు 2 వోల్టులు తక్కువ. రెండు బల్బులకీ కలిపి 10 ఆంపియర్లు పాత స్విచ్చు గుండా, సన్న వైర్ల గుండా పోతున్నాయి మరి. హాలోజెన్ బల్బుకి వోల్టేజి 15 శాతం తగ్గితే వెలుగు 40 శాతం దాకా పడిపోతుంది. అదే వైర్లకి 100 వాట్లు తగిలిస్తే కరగడం ఖాయం. అందుకే బల్బులు అవే ఉంచి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు లాగి రిలేలు పెట్టాను. పాత స్విచ్చు ఇప్పుడు రిలేని మాత్రమే ఆడిస్తుంది. ఎదుటివాడి కళ్లల్లో పొడవకుండానే దారి కనపడుతోంది.

ఇంకో సంగతి. కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. సొంత కారుకు 15 ఏళ్లు నిండాక ఆర్సీ రెన్యువల్‌కి తనిఖీ ఉంటుంది, రెన్యువల్ ఐదేళ్లకే. మా బండి 2023లో ఒకసారి గట్టెక్కింది. 2028లో మళ్లీ నిలబడాలంటే సోకులు కాదు, బ్రేకులూ లైట్లూ బాగుండాలి.

సెలవులైపోయి తిరిగొస్తుంటే బస్టాండు దాకా నాన్నే ఆ కారులో దింపారు. అమ్మడం సంగతి ఎత్తలేదు. దిగేటప్పుడు మాత్రం ‘ఆ మీటరు ఇక్కడ వదిలేసి వెళ్లరా, ఎలా కొలవాలో ఫోన్లో చెబుదువుగాని’ అన్నారు. ల్యాబుకి ఇంకోటి కొనుక్కున్నాను.